మల్లిక్ బజారులో మేల్కొనే కార్లు

హౌరా నుండి బర్ద్వాన్ మెయిన్ లైనులో పోయే లోకల్ రైలు లిలువా, బేలూరు, బాలీ, ఉత్తరపాడా స్టేషన్లు దాటిన పిమ్మట ఒక చిన్న స్టేషనులో ఆగుతుంది. దాని పేరు హింద్ మోటర్. అది ఏ పాత గ్రామం పేరూ కాదు, కార్ఖానా పేరు. బి.ఎం. బిర్లా 1942లో గుజరాతులోని ఓఖా రేవు వద్ద నెలకొల్పిన హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1948లో హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న ఈ చోటికి తరలివచ్చింది. ఇంగ్లండులోని మోరిస్ కార్ల నమూనాలను అనుసరించి హిందూస్థాన్ 10, హిందూస్థాన్ 14, లాండ్‌మాస్టర్ అనే కార్లు తయారైనవి. వాటి తరువాత, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి అచ్చులతో, 1950ల చివర వెలువడిన కారే అంబాసిడర్.

ఆ కారును తెలుగు పాఠకులకు పరిచయం చేయవలసిన పనిలేదు. కలెక్టరు గారి రాకను ఊరికి తెలియజేసినదీ అదే. పెళ్లికూతురిని అత్తవారింటికి చేర్చినదీ అదే. బస్టాండు పక్కన నిలిచి, ఐదుగురు కూర్చునే చోట తొమ్మిదిమందిని ఎక్కించుకొని పోయిన బాడుగ బండీ అదే. ఉత్తరపాడా కర్మాగారంలో 2014 మే 24న ఉత్పత్తి నిలిపివేయబడినది. ఇప్పుడు హింద్ మోటర్ స్టేషనులో దిగే వారిలో కారు తయారు చేయడానికి వచ్చేవారెవరూ లేరు. 2017లో ‘అంబాసిడర్’ అనే పేరు సైతం 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడుపోయింది.

పేరు అమ్ముడుపోయినా కార్లు మిగిలినవి. కలకత్తా వీధులలోని పసుపుపచ్చ టాక్సీల మాట అటుంచితే, దేశమంతటా షెడ్లలో, పశువుల కొట్టాలలో, తాళం వేసిన గ్యారేజీలలో టార్పాలిన్ల కింద పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా నిద్రిస్తున్న అంబాసిడర్లకు లెక్కలేదు. యజమాని గతించినాడు; కొడుకులు వేరే ఊళ్లలో స్థిరపడినారు; అమ్మడానికి తల్లికి మనసొప్పలేదు. ఇటువంటి బండ్లలో ఏ కొన్నిటికో ఒకనాడు మళ్లీ మెలకువ వస్తుంది. ఆ మేల్కొలుపు ఎలా జరుగుతుందో చూడగోరువారు కర్మాగారం వద్ద ఆగక, తిరుగు రైలెక్కి కలకత్తా నడిబొడ్డుకు పోవలసి ఉంటుంది.

ఆ ప్రయాణంలో ఒక చిత్రమైన పోలిక ఉన్నది. ఉత్తరపాడాలో నదీతీరాన జమీందారు జయకృష్ణ ముఖర్జీ 1859లో స్థాపించిన గ్రంథాలయం నేటికీ నిలిచి ఉన్నది. యౌవనంలో మద్రాసులో ఉపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత వంగ సాహిత్యంలో మహాకవి అయిన మైకేల్ మధుసూదన్ దత్తు తన చివరి రోజులలో కొంతకాలం ఆ గ్రంథాలయ భవనంలోనే తలదాచుకున్నాడు. 1873లో ఆయన మరణించగా లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో సమాధి చేసినారు. ఆ శ్మశానం పార్కు వీధి, ఆచార్య జగదీశ్ చంద్ర బోసు రోడ్డు కలిసే కూడలిలో ఉన్నది. ఆ కూడలి పేరే మల్లిక్ బజార్. ఉత్తరపాడాలో పుట్టిన కార్లు కడపట వచ్చి చేరే చోటు కూడా అదే.

మల్లిక్ బజారు పాత మోటారు విడిభాగాల అంగడి. ఇరుకు దుకాణాల ముందు బంపర్లు, హెడ్‌లైటు చట్రాలు, తలుపులు, రేడియేటర్లు, గేరు పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. నేలంతా నల్లని ఆయిలు మరక. సుత్తి మోతకు, ట్రాఫిక్ హారన్ల రొదకు అక్కడ తేడా తెలియదు. పోయిన హబ్ క్యాపును పోగొట్టుకున్నవాడే మళ్లీ డబ్బిచ్చి కొనుక్కున్నాడన్న హాస్యకథ దేశంలోని ఇటువంటి బజారులన్నిటి మీదా ఉన్నట్లే దీని మీద కూడా ఉన్నది. అయితే ఈ బజారు అసలు ఆకర్షణ వస్తువులలో లేదు, చేతులలో ఉన్నది. తుప్పుపట్టిన ముక్కను వేళ్లతో తడిమి అది మార్క్ టూ బండిదో మార్క్ త్రీ బండిదో చెప్పగల మనుషులు ఇంకా ఇక్కడ దొరుకుతారు.

ఏళ్ల తరబడి కదలని కారును చూడగానే ఎవరికైనా పుట్టే మొదటి కోరిక కొత్త బ్యాటరీ తగిలించి తాళంచెవి తిప్పి చూడడం. అనుభవమున్న మెకానిక్కు చేయనిది సరిగ్గా అదే. అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజను పోత ఇనుముతో చేసిన గట్టి పిండం. కాని ఆగి ఉన్నన్నాళ్లూ దాని సిలిండర్ల గోడల మీది ఆయిలు పొర కిందికి జారిపోతుంది. బంగాళాఖాతపు తేమగాలి లోనికి చొరబడి పిస్టను రింగులను గోడకు తుప్పుతో అతికిస్తుంది. కొన్ని వాల్వులు తెరచుకున్న స్థితిలోనే బిగుసుకొని ఉంటాయి. ఆ దశలో సెల్ఫ్ మోటారుతో బలవంతాన తిప్పితే రింగులు విరుగుతాయి, పుష్‌రాడ్లు వంగుతాయి. పదేళ్ల నిద్ర చేయని హాని పది క్షణాల తొందర చేస్తుంది.

కనుక ముందుగా నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో నాలుగైదు చెంచాల పలుచని ఆయిలు పోసి, రెండు మూడు రోజులు అలాగే వదిలివేస్తారు. ఆ తరువాత పాత అంబాసిడర్లతో వచ్చే ఇనుప హాండిలును ముందు బంపరు రంధ్రంలోంచి దూర్చి, బలం ఉపయోగించక, అటొక వేలెడు ఇటొక వేలెడు కదుపుతారు. లొంగకపోతే బండిని పై గేరులో పెట్టి ఇద్దరు మనుషులు మెల్లగా ముందుకూ వెనుకకూ ఊపుతారు. అయినా లొంగకపోతే మళ్లీ ఆయిలు, మళ్లీ నిరీక్షణ. చివరకు ఒక సాయంత్రం లోపలెక్కడో చిన్న ‘కిర్రు’మనే చప్పుడయి హాండిలు పావు చుట్టు తిరుగుతుంది. అంతసేపూ మాట్లాడక కూర్చున్న యజమాని అప్పుడు టీ తెప్పిస్తాడు.

ఇక పెట్రోలు సంగతి. టాంకులో నిలువ ఉన్న పెట్రోలు కాలక్రమాన వార్నిషు వాసన వేసే జిగురుగా మారి కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. టాంకును దించి, కడిగి, లోపలి తుప్పు పొరను వదిలించవలసి ఉంటుంది. దీనికి తోడు ఈ కాలపు చిక్కులు రెండు ఉన్నాయి. 2000 సంవత్సరం నుండి మనదేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మడం లేదు. ఆ సీసం పాత ఇంజన్ల వాల్వు సీట్లకు కవచంగా ఉండేది. రెండవది, నేటి పెట్రోలులో ఇరవై పాళ్ల వరకు ఉండే ఇథనాలు. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, పంపులోని పొరను మెత్తబరచి చెడగొడుతుంది. పాత బండికి ‘అసలు’ రబ్బరు దొరికిందని సంతోషించడం కంటే, ఇథనాలుకు తట్టుకొనే కొత్త రబ్బరు వేయడమే తెలివైన పని.

నిజానికి ఇంజను కంటే ముందు చూడవలసినవి బ్రేకులు. బ్రేకాయిలు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తేమ చక్రాల వద్దనున్న చిన్న సిలిండర్లలో తుప్పుగా తేలుతుంది. పైకి నిగనిగలాడుతూ, ఇంజను పాడుతూ, బ్రేకు పట్టని కారు ఒక ప్రాణాంతకమైన బొమ్మ. టైర్లదీ అంతే. గాడులు లోతుగా కనిపించినా పక్క గోడలు పగిలి ఉంటాయి. ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. సీటులోని కొబ్బరిపీచు వాటికి పరుపు, వైర్ల పైతొడుగు వాటికి పలహారం.

అయితే మేల్కొలుపు జరుగునా లేదా అన్నది నిర్ణయించేది వీటిలో ఏదీ కాదు. అంబాసిడర్‌కు వేరే చట్రం లేదు. ఒంటి రేకే దాని ఎముక. తలుపుల కింద రెండు వైపులా పోయే పెట్టె వంటి రేకు దూలాలు బండి బరువును మోస్తాయి. వంగదేశపు వానలలో నేల తేమ తగిలి ముందుగా తినివేయబడేవి అవే. మెకానిక్కు స్క్రూడ్రైవరు మొనతో అక్కడ గుచ్చి చూస్తాడు. మొన దిగబడకపోతే యజమాని అదృష్టవంతుడు. దిగబడితే టింకరింగు పనివాడు రావాలి, కుళ్లిన భాగం కోసి కొత్త రేకు వంచి అతకాలి. ఆ ఖర్చు కొన్నిసార్లు బండి విలువను మించిపోతుంది.

అప్పుడే మల్లిక్ బజారు తన రెండవ ముఖం చూపుతుంది. ఉత్తరపాడా మూతపడిన తరువాత పోత భాగాలు, గేరు పెట్టె పళ్లచక్రాలు, తలుపు రేకుల వంటి వాటికి ఆధారం మరొక అంబాసిడరే. ఒకటి బతకాలంటే ఇంకొకటి తుక్కు కావాలి. కలకత్తాలో పదిహేనేళ్లు నిండిన టాక్సీలు రోడ్డు వదలవలసి వచ్చినందున ఇన్నాళ్లూ ముక్కలకు కొదవ కలుగలేదు. ఆ టాక్సీలు తరిగిపోయేకొద్దీ గుట్టలూ తరుగుతున్నాయి. ఒక షెడ్డులోని బండికి ప్రాణం పోయాలని వచ్చిన మనిషి, మరొక షెడ్డులోంచి ఎవరో అమ్ముకున్న బండి పక్కటెముకను బేరమాడి కొనుక్కుపోతాడు. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు; కాని ఏ బండి దాతగా పోవాలో, ఏ బండి లేవాలో ఇకపై ఆలోచించి తేల్చుకోవలసిన రోజులు వచ్చినవి. మంచి రేకు ఉన్న బండిని బద్ధకించి తుక్కుకు వేయడం ఇప్పుడు నష్టం.

ప్రభుత్వమూ ఈ విషయంలో ఒక దారి చూపింది. 2021లో సవరించిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మౌలిక రూపం చెడని బండ్లను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేయవచ్చు. వాటి నంబరు పలకలో ‘వి.ఎ.’ అనే అక్షరాలు ఉంటాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నిత్య ప్రయాణానికి, బాడుగకు అవి పనికిరావు. 1975 వరకు తయారైన మార్క్ టూ అంబాసిడర్లు ఈ అర్హత వయసుకు చేరుకున్నవి. కాని ఎందరో యజమానులు పెట్రోలు ఖర్చుకు భయపడి గతంలో డీజిలు ఇంజన్లు బిగించుకున్నారు. వారిలో కొందరు ఇప్పుడు మల్లిక్ బజారు సందులలో పాత 1489 ఇంజను కోసం వెదకుతున్నారు.

ఇంజను అంటుకునే రోజున పెద్ద వేడుకేమీ జరగదు. రేడియేటరులో నీరు, కొత్త ఆయిలు, శుభ్రపరచిన ప్లగ్గులు. ప్లగ్గులు బిగించక ముందే హాండిలుతో తిప్పి ఆయిలు పైకి ఎక్కించడం. తరువాత తాళంచెవి. రెండుసార్లు దగ్గు, సైలెన్సరులోంచి ఎలుకగూటి పొట్టు, నీలిపొగ, ఆపైన నిదానంగా కుదురుకునే ఆ చప్పుడు. ఇంట్లోని వృద్ధులు కిటికీ వద్దకు వచ్చేది ఆ చప్పుడుకే. మొదటి రోజు బండి గేటు దాటదు. గ్యారేజీ లోపలనే పది గజాలు ముందుకు, పది గజాలు వెనుకకు, ప్రతిసారీ బ్రేకు తొక్కి చూస్తూ నడుపుతారు. అంతలో నీటిపంపు వద్ద ఒక చుక్క, మరొక చుక్క. మెకానిక్కు బోనెట్టు ఎత్తి చూసి, పానా పక్కన పెట్టి, కుర్రవాణ్ణి గాస్కెట్టు కోసం మళ్లీ మల్లిక్ బజారుకు పంపుతాడు.