రెండో జాయ్‌స్టిక్

తొంభైల్లో టీవీ గేమ్ ఉన్న ఇళ్లలో ఆ రెండు ఉడతలు గుర్తుండే ఉంటాయి. ఒకడికి తోలు జాకెట్టు, టోపీ. రెండోవాడికి ఎర్ర ముక్కు, పూల చొక్కా. చిప్, డేల్. డిస్నీవాళ్లు 1989లో తెచ్చిన ‘రెస్క్యూ రేంజర్స్’ కార్టూన్‌లో హీరోలు వీళ్లే. మరుసటి ఏడాదే జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ దాన్ని నింటెండో మిషన్‌కి ఆటగా చేసింది.

మన దగ్గర దొరికినవి ఎక్కువగా ఆ మిషన్‌ని చూసి చేసిన నకళ్లే. మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు గాజువాకలో ఒకటి కొన్నాం. దాంతో ఒక కాసెట్, రెండు జాయ్‌స్టిక్‌లు ఇచ్చారు. మాకు ఒక్కడే కొడుకు. అందుకని రెండోది నా చేతికొచ్చింది. నేను ఎర్ర ముక్కు డేల్‌ని.

కథ చిన్నదే. ఒక పాప పిల్లికూన తప్పిపోయిందని వెతకబోతే, అదంతా ఫ్యాట్ క్యాట్ అనే బొద్దు పిల్లి పన్నిన వల. ఈలోగా అది గ్యాడ్జెట్‌ని ఎత్తుకుపోతుంది. గ్యాడ్జెట్ అంటే ఆ జట్టులో మిషన్లు తయారుచేసే ఆడ ఎలుక. నాకు ఆ జట్టులో నచ్చింది అదే. ఉడతలకు కత్తులూ తుపాకులూ ఉండవు. దారిలో దొరికిన చెక్కపెట్టెలు ఎత్తి విసరాలి. దెబ్బ తగిలేలా ఉంటే అదే పెట్టెలో దాక్కోవచ్చు. ఇద్దరూ కలిసి ఆడితే ఇంకో సౌకర్యం, ఒకరినొకరు నెత్తిమీదికి ఎత్తుకుని విసరొచ్చు. నాకు గట్టు మీదికి ఎగరడం కుదిరేది కాదు. “అమ్మా, నువ్వు కదలకు” అని మా వాడే నన్నెత్తి పైకి విసిరేవాడు.

మా ఆయన నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునేవారు. అందుకే సౌండ్ పూర్తిగా తీసేసి, గుసగుసలాడుకుంటూ ఆడేవాళ్లం. “ఇల్లాలు కూడా ఆటలేనా” అని అత్తయ్యగారు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత ఆవిడే “ఆ పిల్లి దొరికిందా” అని అడగడం మొదలుపెట్టారు.

వాడు ఆరో తరగతిలో ఉండగా క్వార్టర్లీ మార్కులు బాగా తగ్గాయి. చుట్టుపక్కల అందరూ ఆ ఆట వల్లే అన్నారు. మిషన్ బీరువాలో పెట్టి తాళం వేద్దామన్నారు మా ఆయన. ఏమైందిరా అని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లడిగినా వాడు తలొంచుకునేవాడు. ఒక్క వారం ఆగమన్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని ఆడుతుంటే, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా, “అమ్మా, ట్యూషన్ మాస్టారు స్కేలుతో వేళ్ల మీద కొడతారు, రోజూ” అన్నాడు. నేను వాడి వైపు తిరగలేదు. తిరిగితే ఆపేస్తాడని తెలుసు. పెట్టెలు విసురుతూనే “ఎప్పట్నుంచి?” అన్నాను. ఒక లెవెల్ అయ్యేలోపు మొత్తం చెప్పేశాడు. ఆ సాయంత్రమే మా ఆయన వెళ్లి మాట్లాడి ట్యూషన్ మాన్పించేశారు. మార్కులు వెంటనే పెరిగిపోలేదు. కానీ వాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం తగ్గింది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలకి అది పోలీసు విచారణలా ఉంటుంది. పక్కన కూర్చుంటే నోరు విప్పుతారు. చిక్కుడుకాయలు వొలుస్తున్నప్పుడో, బండి మీద వెనక కూర్చున్నప్పుడో మీ పిల్లలు ఉన్నట్టుండి ఏదో చెప్పి ఉంటారు, గుర్తు తెచ్చుకోండి. మా ఇంట్లో ఆ పని ఈ ఆట చేసింది. ఇప్పుడు ఫోన్లలో ఎవరి ఆట వాళ్లది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎంతసేపు ఆడనివ్వాలి అని చాలామంది నన్నడుగుతారు. గంట లెక్క మీ ఇష్టం. ఆ గంటలో పది నిమిషాలు మీరూ పక్కన కూర్చుని ఆడండి. రాకపోతే వాళ్లే నేర్పిస్తారు, కాస్త వెక్కిరిస్తారు కూడా.