పాపిడి మార్చిన ఫోటో

గుడివాడలో పొద్దున్నే బందరు ప్యాసింజరెక్కాను. కెమెరా సంచీలోనే ఉంది, జిప్పు వేసి. ఈ ఊరి బస్టాండులోనే ఇరవయ్యేళ్ల కిందట, బల్ల మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక పెద్దాయన్ని దూరం నుంచి జూమ్‌తో తీశాను. ఒక వారపత్రిక వేసింది, నలుగురూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ఆయన కొడుకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గొడవేం పెట్టుకోలేదు. "మా నాన్న లేచి చొక్కా గుండీలు పెట్టుకునేదాకా ఆగలేకపోయారా అండీ?" అన్నాడు, అంతే. ఆ జూమ్ అమ్మేశాను. ఇప్పుడున్నది 50 ఎం.ఎం. లెన్సు ఒక్కటే. దాంతో మొహం నిండుగా రావాలంటే మనిషికి నాలుగడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లాక పలకరించకుండా ఎలా ఉంటాం?

గుడ్లవల్లేరు దాటి పెడనలో దిగాను. కలంకారీ షెడ్డులోకి అడుగు పెట్టగానే కరక్కాయ, గేదెపాలు కలిసిన వాసన గుప్పుమంది. బట్టని ముందు ఆ రెంటిలో ముంచి ఆరబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో టేకు అచ్చు అద్ది కొడితే అక్కడికక్కడే నల్లగా గీత పడుతుంది. ఎరుపు సంగతి వేరు. అచ్చుతో వేసేది పటిక నీళ్లు. రంగు అందులో ఉండదు. బట్ట ఉతికి, ఎర్రరంగు సరుకుతో గుండిగలో మరగబెట్టాక, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. డార్క్‌రూమ్‌లో పెరిగినవాణ్ణి, నాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు.

అచ్చులు వేసే ఆయన్ని ఫోటో అడిగితే, "ఒక్క నిమిషం" అని వెళ్లి అరగంటకి వచ్చాడు. తలదువ్వి, ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని. గోళ్లలో నలుపు మాత్రం పోలేదు. గోడకి ఆనకుండా, చేతులు రెండూ తొడలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పల్లెటూరివాళ్లు కెమెరా ముందు బిగుసుకుపోతారని పట్నంలో మావాళ్లు విసుక్కుంటారు. వాళ్లని నవ్వించి, ఏమరుపాటున నొక్కేసి, అదే సహజం అంటారు. నాకు ఆ మాట నచ్చదు. జర్మనీలో ఆగస్ట్ జాండర్ 1920లలో రైతుల్నీ వంటవాళ్లనీ తాపీపనివాళ్లనీ ఎదురుగా నిలబెట్టి తీసిన ఫోటోల్లో ఎవరూ ఏమరుపాటుగా ఉండరు. ఫోటో దిగుతున్నామని వాళ్లకి తెలుసు. ఈయనకీ తెలుసు. ఆ బిగింపు ఆయనది.

బందరులో ఎక్కువసేపు ఆగలేదు. డచ్చివాళ్ల శ్మశానంలో రాళ్ల మీద వంశచిహ్నాలున్నాయి, మొహాలు లేవు. నాకక్కడ పని లేదు. లడ్డూ పొట్లం కట్టించుకుని చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ అక్విడెక్ట్ దాటి అవనిగడ్డ, అక్కణ్ణించి నాగాయలంక చేరాను. సొర్లగొంది వైపు వెళ్లే దారిలో, రొయ్యల చెరువుల పక్కన ఒక ఇంటి అరుగు మీద మంచినీళ్లడిగి కూర్చున్నాను.

ఈ సీమలో ఎవరితో మాట కలిపినా కాసేపటికి ఉప్పెన దగ్గరికొస్తుంది. 1977 నవంబరు 19, శనివారం. పోయినవాళ్లు సర్కారు లెక్కే పదివేలకి అటూ ఇటూ. ఆ ఇంటి పెద్దామెకి అప్పుడు ఎనిమిదేళ్లు. జొరమొచ్చి అవనిగడ్డలో మేనత్త ఇంట్లో ఉండబట్టి మిగిలింది. అమ్మా నాన్నా, పంతొమ్మిదేళ్ల అక్కా మిగల్లేదు.

"అక్క ఫోటో ఉందా పిన్నీ?"

"పెళ్లిచూపులకని బందరు స్టూడియోలో ఒకటి దిగింది బాబూ. పెట్టెతో పాటే పోయింది." కాసేపు నా సంచీ వంక చూసింది. "అక్కది నా పోలికే అంటారు. నన్ను అక్కలాగా తియ్యగలవా?"

నాకేం చెప్పాలో తోచలేదు. మనిషిని మనిషిగా తీస్తానని ఊరూరా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు, పాతకాలపు దువ్వెన తెచ్చుకుంది. దువ్వెన నీళ్లలో ముంచి, యాభై ఏళ్లుగా నడినెత్తిన తీసుకుంటున్న పాపిడిని చెరిపేసి, కుడిపక్కన తీసింది. నెరిసిన జుట్టు మాట వినలేదు, మళ్లీ మధ్యకే చీలింది. మళ్లీ తడిపింది. మూడోసారికి నిలిచింది. మెళ్లో ఉన్న చిలకలపూడి గొలుసు తీసి కోడలి చేతికిచ్చింది, అక్కకి గొలుసు లేదట.

"అక్క ఫోటోకి నవ్వలేదు. నేనూ నవ్వను."

"అత్తయ్యా, ఆమెకి పంతొమ్మిదేళ్లు గదా" అంది కోడలు.

"ఉంటే ఇప్పటికి నాలాగే ఉండేది."

చూరు నీడలో పీట మీద కూర్చోబెట్టి ఒక్కటే తీశాను. మామూలుగా ఇంకోటి కూడా తీస్తాను, జాగ్రత్తకి. ఆవేళ అడగలేదు.

ప్రింటు ఇవ్వకుండా ఎవరి ఫోటో ఉంచుకోను. రెండు వారాల తర్వాత ఫ్రేము కట్టించి పట్టుకెళ్లాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ఎండలోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. "మెడ నాదే. మొహం అక్కది" అని, కుంకుమ తెమ్మంది. అద్దం మీద బొట్టు పెట్టాక దండ గుచ్చమంటే కోడలు ససేమిరా అంది. బతికున్న మనిషి ఫోటోకి దండేంటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని.

"సరేలేవే" అంది పెద్దామె, మేకు కోసం గోడ తడుముతూ. "నేను పోయాక ఎటూ వేస్తావు గదా. అప్పుడు ఇద్దరికీ ఒకటే సరిపోద్ది."