మీ ఊరేది?

లప్పం అంటే మీకు తెలుసా? మొన్నటిదాకా నాకూ తెలియదు. మా పూర్వీకులు 1843లో కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చేరారు. నేను ఉద్యోగానికి కువైట్ వచ్చాను.

ఎండకి నా పాత కారు బానెట్ రంగు పొరలుగా లేచింది. షువైఖ్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళి, కారంతా ఎరుపు చేయమన్నాను.

"రంగు మార్చాలంటే ట్రాఫిక్ వాళ్ళ అనుమతి కావాలి సార్. దఫ్తర్‌లోనూ మార్చాలి. బానెట్ వరకు అదే తెలుపు వేస్తే 25 దినార్లు" అన్నాడు రాయచోటి నుంచి వచ్చిన పెయింటర్.

సొట్టలో లప్పం పెట్టాడు. ఆరాక ఎమరీ కాగితంతో రుద్దాడు. ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్ కొట్టాడు. నా తెలుగు విని, "మీ ఊరేది సార్?" అన్నాడు.

నాకు ఊరి పేరు తెలియదు. రేవు పేరు చెప్పాను.

"అయితే మనోళ్ళే!" అని 5 దినార్లు తగ్గించాడు.

మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు? ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇప్పుడే అడిగి రాసుకోండి.