పదకొండు ఊళ్ల పందెం

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో గడ్డకట్టిన కాలువల మీద పదకొండు ఊళ్లు చుట్టే స్కేటింగ్ పందెం ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్. దాదాపు 200 కిలోమీటర్లు. మంచు 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. పలచబడ్డ చోట గట్టు మీద తివాచీలు పరుస్తారు. స్కేట్లు విప్పకుండానే వాటి మీద నడిచి, మళ్లీ మంచు మీదికి దిగుతారు.

1909 నుంచి 15 సార్లే జరిగింది. చివరిది 1997 జనవరి 4న. ఆ తర్వాత పుట్టినవాళ్లు పెద్దవాళ్లైపోయారు, పందెం మాత్రం చూడలేదు. తలుచుకుంటే బాధేస్తుంది.

వాతావరణం వేడెక్కి మంచు అంత మందం కట్టడం లేదు. పైగా యూరప్ చలికాలాన్ని కాస్త వెచ్చగా ఉంచేది అట్లాంటిక్ సముద్ర ప్రవాహం. ఉప్పునీరు ఉత్తరాన చల్లబడి, బరువెక్కి అడుగుకు దిగితేనే అది సాగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు కరిగి మంచినీరు కలిస్తే ఆ బరువు తగ్గిపోతుంది. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ అంచనా. పూర్తిగా ఆగిపోతే కాలువలు మళ్లీ గడ్డకట్టొచ్చు. ఆ చలికి పంటలూ దెబ్బతింటాయి.

ప్రస్తుతానికి డచ్ స్కేటర్లు ఆస్ట్రియాలోని వైసెన్‌సే సరస్సుకు వెళ్లి ఆ 200 కిలోమీటర్లు పూర్తిచేస్తున్నారు.