మోకాళ్లు లేని రాకుమారి

మా అన్నగారి అమ్మాయియు ఆమె సహాధ్యాయులును కలసి, గేమ్ డిజైన్ చదువు ముగియకమునుపు సమర్పింపవలసిన ప్రాజెక్టును గూర్చి తర్కించుచుండగా, కాఫీ అందించు నెపమున నేనును చెంత జేరితిని. చతుర్దశ భువనములకు తగ్గని లోకములు, ఒక డ్రాగన్, ప్రతి పాత్రకును ఒక పూర్వకథ! ఉత్సాహమునకు కొదువ లేదు, కొదువయెల్ల లెక్కకే. సెకనుకు 24 ఫ్రేములైనచో, ఫ్రేము విడిచి ఫ్రేము గీసినను పది సెకన్లకు 120 బొమ్మలు కావలెను గదా.

అందుకు వారికొక ఉదాహరణ చెప్పితిని. 2005లో అమెరికాలోని డిజిపెన్ విద్యాసంస్థ విద్యార్థులు నిర్మించిన నార్బాక్యులర్ డ్రాప్ అను ఆటలో నాయిక పేరే మోకాళ్లు లేని రాకుమారి. ఆమె ఎగురలేదు, ఒక గోడలోని ద్వారమున దూరి వేరొక గోడలోని ద్వారమున వెలువడుచు చెఱనుండి తప్పించుకొనవలెను. ఆ యొక్క ఊహను మెచ్చి వాల్వ్ అను ఆటల సంస్థ ఆ విద్యార్థులను కొలువున జేర్చుకొనగా, 2007లో పోర్టల్ అను ఆట పుట్టినది. ఎగురుట యనగా ముందు ఒదుగుట, గాలిలో తేలుట, నేల తాకి తూలుట, అంచున పట్టు తప్పుట, ఒక్కొక్కదానికి వేరొక చలనము, ఆపై వానినన్నిటిని కోడుతో అతుకవలసిన ప్రోగ్రామరు గొణుగుడు. అంత శ్రమ ఆ మోకాళ్లతోడనే పోయినది!

ముందు బూడిదరంగు పెట్టెలతో ఒక్క గది కట్టి ఆడి చూడుడనియు, రక్తి కట్టినపిమ్మటనే బొమ్మల జోలికి పొండనియు చెప్పితిని.

“మరి మా డ్రాగన్, బాబాయ్?”

పోస్టరులో ఉండవచ్చునంటిని.