రిటెంచీకి స్పెల్లింగ్ దొరికింది

మా ఇంట్లో చిల్లుపడిన గిన్నెను పారేస్తే నానమ్మ "దాన్ని రిటెంచీ చేసీసినాను" అనేది. చిరిగిన దుప్పటి రిటెంచీ. నీళ్లపాలు పోసే పాలవాడూ ఏదో ఒకరోజు రిటెంచీ. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడుతూ పెరిగిన నేను అది అచ్చతెలుగు మాటే అనుకున్నాను. ఓ వేసవిలో టెక్కలి దగ్గరున్న మా ఊరికి వెళ్లినప్పుడు వాడితే చుట్టాలు నా ముఖంలోకి వింతగా చూశారు. సరే, హిందీ అయ్యుంటుందనుకున్నా. మా హిందీ మాస్టారికీ తెలియదు. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి నాకు 23 ఏళ్లు, ఒక అవమానం, ఒక పాత పుస్తకం కావాల్సొచ్చాయి.

అవమానం 2012 నాటిది. అప్పుడే రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పూర్తయింది, హిందీ మాధ్యమంలో. సార్వభౌమత్వం మీదా సమాఖ్య వ్యవస్థ మీదా హిందీలో గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ఆ ధైర్యంతోనే రాయ్‌పూర్‌లో ఒక ఇంగ్లీషు పత్రిక పెట్టిన రాతపరీక్షకు వెళ్లాను. భూసేకరణ మీద 300 పదాలు రాయమన్నారు. నా కాగితం చదివిన పెద్దమనిషి కోప్పడలేదు. "నీకు విషయం తెలుసు. కానీ ఇది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఎదుటివాళ్లు చదువుతున్న ఇంగ్లీషు పేపరు కేసి కూడా చూడబుద్ధి కాలేదు.

ఆ స్థితిలో ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' కొన్నాను. 1949 నుంచి లక్షలమందిని గట్టెక్కించిన పుస్తకం అది, దాన్ని తప్పుపట్టను. కానీ అందులో రకరకాల వైద్యుల పేర్లకే ఒక అధ్యాయం ఉంది. తోర్వాలో ఉండేవాడికి పాదాల వైద్యుడితో ఏం పని? రోజుకు పది పదాలు బట్టీపట్టేవాణ్ని, ఆదివారానికి అరడజను మిగిలేవి. జైల్లో డిక్షనరీని మొదటి పేజీ నుంచి ఎత్తిరాశానని మాల్కమ్ ఎక్స్ తన ఆత్మకథలో చెప్పారు. నాకంత పట్టుదలా లేదు, కదలకుండా కూర్చోబెట్టే జైలూ లేదు.

పుస్తకం బుధవారీ బజారులో దొరికింది, రద్దీ కాగితాల దుకాణంలో. వి.వి. గిరి ఆత్మకథ 'మై లైఫ్ అండ్ టైమ్స్', 1976 నాటి ముద్రణ. 20 రూపాయలు. కొనడానికి కారణం ఇంగ్లీషు కాదు. తాత ఎప్పుడూ ఆయన్ను 'మన గిరిగారు' అనేవాడు. మాజీ రాష్ట్రపతి మాకు ఎలా 'మన' అయ్యారో ఎన్నడూ అడగలేదు.

ఇక్కడ కాస్త రైల్వే చరిత్ర చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఛత్తీస్‌గఢ్ మీదుగా కలకత్తా వైపు లైను వేసింది, బిలాస్‌పూర్‌ను రైల్వే ఊరిని చేసింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు, బిలాస్‌పూర్ యార్డుకు యజమాని ఒక్కడే అయ్యాడు. వానలు లేని ఏడాది ఉత్తరాంధ్ర కుర్రాడు ఖరగ్‌పూర్‌కో బిలాస్‌పూర్‌కో రైలెక్కేవాడు. మా ముత్తాతా అలా వచ్చినవాడే. అదే లైను మీదున్న బరంపురంలో 1894లో పుట్టిన గిరి, ఆ కంపెనీ కార్మికుల సంఘానికి నాయకుడయ్యారు. ఖరగ్‌పూర్‌లో 1927లో సమ్మె, ఆ తర్వాత లాకౌట్ జరిగాయి. ఉద్యోగాలు తీసేయడమే గొడవకు మూలం.

తాతకు అప్పుడే శుక్లాల ఆపరేషన్ అయింది. చదవకూడదు, టీవీ చూడకూడదు. పొద్దుపోక నన్ను పట్టుకున్నాడు. "గిరిగారి బుక్కు తెచ్చినావట గదా, సదువు." ఒక పేరా ఇంగ్లీషులో చదవడం, దాన్నే తెలుగులో చెప్పడం. ఇదీ మా ఒప్పందం. ఆ రెండోదే నన్ను బాగుచేసింది. మనకోసం మనం చదువుకునేటప్పుడు తెలియని పదాన్ని దాటేయొచ్చు. లోకో షెడ్డులో 30 ఏళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి "ఏట్రా, మద్దిలో మింగీసినావు?" అని అడుగుతుంటే కుదరదు.

రెండోరోజో మూడోరోజో రైల్వే కార్మికుల ఘట్టం వచ్చింది. రిట్రెంచ్‌మెంట్ అన్న పదం ఎదురైంది. బిగ్గరగా చదివాను. నా గొంతు విని నేనే ఆగిపోయాను. తాత మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆ, రిటెంచీ. ఖరగ్‌పూర్లో మనోళ్లని తీసీసినప్పుడు వొచ్చిన మాట. మాయయ్య అనీవోడు" అన్నాడు. వంటింట్లోంచి నానమ్మ "నాకేటైనా సెప్తన్నారా?" అంది.

ఆ రోజు నుంచి నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను. మొదటిదాంట్లో ఇంగ్లీషు పదం, రెండోదాంట్లో అర్థం, మూడోదాంట్లో తాత ఉచ్చారణ. ఇంగ్లీషు రాదనుకున్న ఇంట్లో ఎంత ఇంగ్లీషుందో అప్పుడు తెలిసింది. చార్జీసీటు, ఇంకిరిమెంటు, సస్పెన్సను, సిక్కు మెమో. అర్థాలు ఇంట్లో ఉన్నాయి, అక్షరాలు పుస్తకంలో ఉన్నాయి. రెంటినీ కలపడమే నా పని.

ఆత్మకథతో ఇంకో సౌకర్యం, మనిషి ఒక్కడే కాబట్టి మాటలూ అవే. ఆయనకు ఇష్టమైన పదాలు తిరిగి తిరిగి వస్తాయి. మొదటిసారి గుర్తు పెట్టుకుని ముందుకెళ్లేవాణ్ని, మూడోసారీ అర్థం కాకపోతేనే డిక్షనరీ తీసేవాణ్ని. చాలాసార్లు ఆ అవసరమే రాలేదు. పైగా ప్రతి పదానికీ ఒక ఊరూ ఒక ఏడాదీ అంటుకుని వస్తాయి. లాకౌట్ అంటే నాకిప్పటికీ డబ్లిన్. గిరి న్యాయశాస్త్రం చదవడానికి అక్కడికి వెళ్లింది 1913లో. యాజమాన్యాలు వేలమంది కార్మికులను నెలల తరబడి గేటు బయట నిలబెట్టిన డబ్లిన్ లాకౌట్ మొదలైంది ఆ ఏడాదే.

నన్ను ముప్పుతిప్పలు పెట్టినవి కన్సీలియేషన్, ఆర్బిట్రేషన్, అడ్జుడికేషన్. డిక్షనరీ మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం చెప్పింది. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయిన గిరికి మాత్రం ఆ తేడాలే ప్రాణం. తగాదాను బలవంతంగా ట్రిబ్యునల్‌కు పంపడం కన్నా ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన వాదం. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో రాజీనామా చేశారు. ఇదంతా చెప్పి, మూడు పదాల దగ్గర నీళ్లు నములుతుంటే తాత వేళ్లు మడిచాడు. "ఒకటోది, ఇద్దర్నీ కూకోబెట్టి మాటాడించడం. రెండోది, ఇద్దరూ ఒప్పుకొని పెద్దమనిసిని పెట్టుకోడం. మూడోది కోర్టు." ఎం.ఏ.లో నాకెవరూ అంత సూటిగా చెప్పలేదు.

పుస్తకం సగమయ్యాక తాత అడిగిన ప్రశ్నకు మాత్రం ఇబ్బంది పడ్డాను. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. సుమారు 17 లక్షలమంది ఉద్యోగులు, జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వం. ఇందిరా గాంధీ ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసి దాన్ని అణచివేసింది. తాతా ఆ సమ్మెలో ఉన్నాడు, ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పడు. ఆ మేలో రాష్ట్రపతి వి.వి. గిరి. ఆగస్టులో గానీ దిగలేదు. "రైల్వేవోళ్ల సేత సమ్మె సేయించినోడు గదా. అంత పెద్ద కుర్సీలో కూకొని ఊరుకున్నాడేటిరా?"

నాకు తెలిసిన సమాధానం చెప్పాను. రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి, సొంతంగా చేయగలిగింది తక్కువ. కన్సీలియేషన్‌కు ఆయన పిలిచినా రావాల్సింది ప్రభుత్వమే. తాత కాసేపు నల్ల కళ్లద్దాల్లోంచి యార్డు వైపు చూశాడు. "అయితే ఆయన్నీ రిటెంచీ సేసీసినట్టే గదా" అన్నాడు. నేను ఇంకో పేజీ తిప్పాను.

గిరిగారి ఇంగ్లీషుకు దుష్ఫలితమూ ఉంది. ఆరు నెలల తర్వాత మరో పత్రికకు పరీక్ష రాశాను. ఒక్క తప్పూ లేదు. అయినా "ఇది వార్తా, యూనియన్ మెమొరాండమా?" అని నవ్వారు. చిన్న మాటలు నేర్చుకోవడానికి కొన్నాళ్లు క్రికెట్ పేజీలు చదవాల్సొచ్చింది. 2013లో ఉద్యోగం దొరికింది.

ఆ సాయంత్రం నానమ్మకు స్వీటు పెట్టి, నోటుపుస్తకం తెరిచి ఆమె మాటను ఇంగ్లీషులో చూపించాను. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం లెక్కపెట్టింది. పన్నెండు.

"ఒక మనిసిని తీసీడానికి ఇన్ని గావాలా?" అంది.