నల్లని నీటి కాలువ

జుహర్ నమాజు వేళకు మేము ఇండోనేషియాలోని మధ్య కాలిమంతాన్‌లో, పలంకరాయా సమీపాన ఒక కాలువ చేరాము. వుజూ కోసం దోసిట తీసుకున్న నీరు డికాక్షన్ రంగులో ఉంది. అది మురికి కాదు. వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆకులు, కొమ్మలు, వేళ్లే అక్కడి నేల. వాటి సారం దిగి నీరు నల్లబడుతుంది, ఆమ్లగుణం పొందుతుంది. అందులో ప్రాణవాయువు స్వల్పం. అయినా మన కొరమీను జాతి చేపలు అక్కడ బ్రతుకుతాయి; పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి.

1996లో సుహార్తో ప్రభుత్వం సుమారు పది లక్షల హెక్టార్లను వరిపొలాలు చేయదలచి, వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించ పూనుకుంది. ఆశించిన వరి పండలేదు. కాలువలు నేలలోని తడిని లాగివేశాయి. ఆరిన నేల 1997లోనూ, 2015లోనూ లోలోపలే రగిలి, ఊళ్లను పొగతో కప్పింది. వానాకాలంలో నీట మునిగి చేపలకు ఆశ్రయమిచ్చే అడవి కూడా కాలిపోయింది.

ఇప్పుడు తడి నిలపడానికి కాలువలకు కొయ్య అడ్డుకట్టలు వేస్తున్నారు. అయితే జాలరులకు అవే దారులు. మేము చూస్తుండగానే ఒక వృద్ధుడు తన పడవను కట్ట మీదుగా ఈడ్చుకుంటున్నాడు. మేమూ ఒక చేయి వేశాము.